మూడో పాతర

పోయిన వారం శివమ్మను మొదటి పాతర బండ మీద నిలబెట్టి ఆపేశాను. "మీకు దయ లేదా? ఆ మనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి మీరు వెళ్లి పడుకున్నారా?" అని ఒకావిడ ఉత్తరం రాశారు. లేదమ్మా, నాకు దయ లేదు. ఉండి ఉంటే ఈ కథ రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. యుద్ధం ముగిసి ఏడాది కావస్తోంది గాని తిండిగింజల కటకట తీరలేదు. మా పాల్మాకులలో సర్కారువారి హుకుం మీద పెట్టిన గింజల బ్యాంకు ఒకటి ఉంది. పంట రాగానే రైతు తన జొన్నలు తెచ్చి అందులో పోస్తాడు. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యే కరువు రోజుల్లో అడిగితే బ్యాంకు తిరిగి ఇవ్వాలి, పైన కాస్త వేసి మరీ ఇవ్వాలి. బ్యాంకు అంటే భవనం అనుకునేరు. ఊరి చివర ఎర్రమట్టి గడ్డ మీద మూడు పాతరలు, అంతే. పాతర అంటే పెద్ద కుండ ఆకారంలో తవ్విన గొయ్యి. పైన ఒక మనిషి పట్టేంత గొంతు, కింద ఇంత బొజ్జ. అడుగున గడ్డి పరిచి, జొన్నలు పోసి, గొంతు మీద బండ పెట్టి, చుట్టూ మన్ను మెత్తితే రెండేళ్లయినా పురుగు పట్టదు.

ఆ బ్యాంకు పెద్ద దశరథం పటేలు. గుమాస్తాను నేను, ఈశ్వరయ్యను. శివమ్మ అందులో పన్నెండు బస్తాల జొన్నలు పోసింది. ఆమె మొగుడు రాజయ్య బండి మీద నుంచి పడి నడుము విరిగి మంచం పట్టాడు. ఆరెకరాల కౌలు ఒక్కతే చేస్తోంది. రేపు పొద్దు గూకేలోపు ఎనిమిది బస్తాల కౌలు గింజలు భూస్వామి మనిషికి కొలిచి ఇవ్వాలి, లేకపోతే భూమి ఇంకొకరికి పోతుంది. నెల రోజులుగా దశరథం "రేపు రా, ఎల్లుండి రా" అని తిప్పుతుంటే, సరిగ్గా తనిఖీ రోజే వచ్చి ఇన్స్పెక్టరు ముందు బండ ఎక్కి నిలబడింది. అక్కడ ఆగాం.

ఇన్స్పెక్టరు కిషన్‌రావు సాబు గురించి ఎంత రాసినా నా కచ్చ తీరదు. ఏడాదికోసారి తొలకరి మిరుగం కార్తెలో పట్నం నుంచి రైల్లో ఉమ్దానగర్ స్టేషనులో దిగి, మేము పంపిన కచ్చడం బండి ఎక్కి వస్తాడు. ఎనిమిది రోజుల ముందే ఉత్తరం పంపిస్తాడు: ఫలానా రోజు, ఫలానా గంటకు తనిఖీ, శనివారం గనక మాంసం ముట్టను, నెయ్యి మాత్రం ఆవునెయ్యి అయి ఉండాలి. దొంగను పట్టుకోవడానికి వచ్చేవాడు దొంగకే ఉత్తరం రాసి, వాళ్లింట్లోనే భోజనం చెప్పించుకోవడం నేను అక్కడే చూశాను.

"సాబ్, నాయి పన్నెండు బస్తాలు. ఇయ్యాల గావాలె," అంది శివమ్మ.

సాబు చేతిలో ఉన్న కాగితం మీద నుంచి కళ్లెత్తలేదు. "ఎవరీమె?"

"మన బ్యాంకు మనిషే సాబ్. జర తొందరెక్కువ," అన్నాడు దశరథం నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఎంతటివాడికైనా ఇతను మంచివాడే అనిపిస్తుంది.

"నేనొక్కదాన్నే కాదు సాబ్. గీ ముప్పై ఇండ్లోల్లు ఇయ్యాలనే వచ్చి మా గింజలు మాకు గావాలె అంటె ఈ బ్యాంకు ఇస్తదా, ఇయ్యదా? గదొక్కటి అడుగుండ్రి పటేల్‌ను. మీరు గందుకే గద వచ్చింది?"

నిజం చెప్పాలంటే పదేళ్ల తనిఖీల్లో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. కిషన్‌రావు సాబు కాగితాన్ని ఇటు చూశాడు, తిప్పి అటు చూశాడు. పాపం, నిజాయితీగానే వెతికాడు.

"ఇందులో ఆ ప్రశ్న లేదమ్మా," అన్నాడు.

లేదు, నేను సాక్ష్యం చెబుతాను. ఆ కాగితంలో ఇరవై ఒక్క ప్రశ్నలున్నాయి. బోర్డు ఉందా? రెండు లిపుల్లో ఉందా? తాడు పొడవెంత? గోడ మీద సర్కారువారి పటం ఉందా? మాకు గోడే లేదు గనక దశరథం ఒక కూలీ చేత పొద్దుటి నుంచి ఆ పటాన్ని పట్టించి నిలబెట్టాడు. సాబు ఆ కూలీ దగ్గరికి వెళ్లి, పటం వంకరగా ఉందని సరిచేయించి, "ఉంది" అని రాసుకున్నాడు. అడిగినవాళ్లకు గింజలు తిరిగి ఇవ్వగలరా అన్న ముక్క మాత్రం ఆ ఇరవై ఒక్కింట్లో ఎక్కడా లేదు.

"దిగమ్మా, పని కానివ్వు," అన్నాడు సాబు. శివమ్మ బండ దిగింది గాని అవతలికి పోలేదు. మూడు పాతరల చుట్టూ ఊరి జనం ముప్పై నలభై మంది చేరారు. ఉత్తరాన గగన్‌పహాడ్ గుట్టల మీద మబ్బు నల్లగా కమ్ముకుంటోంది.

మొగులయ్య పలుగుతో మొదటి పాతర మన్ను పగలగొట్టి బండ జరిపాడు. పాతరలు తవ్వడం, తెరవడం వాళ్ల తాతల నుంచి వస్తున్న పని. నిరుడు రెండో పాతరలో గింజలు కుళ్లిపోయాయని లెక్కల్లో రాసి ఉంది. అందులో మొగులయ్యవి ఏడు బస్తాలు పోయాయి, పెళ్లాం పిల్లల తిండికి ఎద్దులను అమ్ముకున్నాడు. ఆ పాతర తెరిచినప్పుడు అతను జ్వరంతో పట్నం దవాఖానలో ఉన్నాడు. అప్పటి నుంచీ దశరథం పాతర పనికి తుక్కుగూడ నుంచి కూలీలను తెప్పిస్తున్నాడు. ఆ పొద్దు వాళ్లు ఎగ్గొట్టడంతో గతిలేక మొగులయ్యను పిలిచాడు. దశరథం చేసిన తప్పుల్లో నాకు నచ్చినది అదొక్కటే.

మొగులయ్య కందిలి వెలిగించి తాడుకు కట్టి పాతర గొంతులోకి దించాడు. ఇది కాగితంలో పద్నాలుగో ప్రశ్న. పాతరలోకి దించిన దీపం వెలుగుతోందా? వెలిగితే సరుకు భేషుగ్గా ఉన్నట్టు రాయాలి. ఆరితే ఏం రాయాలో కాసేపట్లో మీరే చూస్తారు.

పాతర పనివాళ్లు దీపం దించే మాట నిజమే. కాని అది గింజ కోసం కాదు, మనిషి కోసం. మూసిన పాతరలో గింజలు నెలల తరబడి మగ్గి లోపల చెడుగాలి నిండుతుంది. మూత తీసిన వెంటనే దిగినవాడు మళ్లీ పైకి రాడు. మొగులయ్య తమ్ముడు ముత్తయ్య అలాగే పోయాడు. అందుకే ముందు దీపం దించుతారు. ఆరిపోతే ఆ రోజుకు ఎవరూ దిగరు, మూత తీసి ఉంచి మర్నాడు మళ్లీ చూస్తారు. పట్నంలో ఏ పెద్దమనిషికో ఈ దీపం సంగతి సగం తెలిసి, ఓహో, ఇదేదో గింజలకు పెట్టే పరీక్ష కాబోలు అనుకొని కాగితంలోకి ఎక్కించాడు. ఒక్క పాతర పనివాణ్ని పిలిచి అడిగితే ఆయన పరువేం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కందిలి గొంతు చివరి దాకా దిగింది. గూట్లో పెట్టిన దీపంలా నిలకడగా వెలుగుతూనే ఉంది. కింద పచ్చజొన్నలు మిలమిల మెరిశాయి.

"వహ్వా! చూశారా, ఎంత బాగా వెలుగుతోందో," అని సాబు మురిసిపోయి కాగితంలో ఏదో గీకాడు.

మొగులయ్య తాడు పట్టుకొని అలాగే వంగి చూస్తున్నాడు. "సాబ్, దీపం ఆరాలె," అన్నాడు.

"ఏమిటీ?"

"నిండు పాతర మూత తీస్తె దీపం ఆరాలె సాబ్. ఆరలేదంటె దీన్ని నిన్ననో మొన్ననో ఎవలో తెరిచిన్రు. లేకుంటె లోపల గింజలు లేవు."

"నువ్వు ఏం చదివావు?"

"నేనేం సదువలె సాబ్."

"నేను పూనాలో ఆరు నెలలు ట్రైనింగు అయి వచ్చాను," అన్నాడు కిషన్‌రావు సాబు. పూనాలో పాతరలు ఉంటాయో లేదో నాకు తెలియదు. ఈయనకు మాత్రం అవి చూపించలేదని ఒట్టేసి చెప్పగలను.

ఇక్కడ నా గొప్ప కూడా కొంచెం చెప్పుకోవాలి. నాలుగు రోజుల కింద జొన్న పొట్టు నింపిన బండ్లు ఆరు ఆ గడ్డ వైపు పోవడం నేను చూశాను. "పశువులకు," అన్నాడు దశరథం. ఆ గడ్డ మీద ఒక్క పశువు కూడా కట్టేసి లేదు. "సరే పటేలా," అన్నాను. నెలనెలా ఇంటికి వచ్చే జొన్నలు ఆగిపోతాయన్న భయం తప్ప నా నోట్లో అప్పుడు ఇంకేమీ లేదు.

శివమ్మ కొంగు నడుముకు బిగించింది. "సాబ్, దీపం ఎలుగుతుంది గద?"

"వెలుగుతోంది."

"అంటె మనిషి దిగొచ్చు. మొగులన్నా, తాడు గట్టు."

దశరథం ముందుకు వచ్చాడు. "ఏందే శివమ్మా, ఆడమనిషివి, గోతులల్ల దిగుడేంది? పడితె మల్ల మాకు పరేషాన్."

"నీ దీపమే చెప్పింది గద పటేలా, మంచిగున్నదని. నా గింజలు నేను సూసుకుంటె నీకెందుకు పరేషాన్?"

దశరథం సాబు వంక చూశాడు. సాబు కాగితం వంక చూశాడు. ఆడమనిషి దిగకూడదని అందులో రాసి లేదు. మొగులయ్య ఆమె చంకల కింద తాడు వేసి కట్టి, నలుగురిని పట్టుకోమని, మెల్లగా దించాడు. వెనకాలే బుట్ట దించాడు.

మొదటి బుట్టలో జొన్నలు వచ్చాయి. చక్కటి పచ్చజొన్నలు. దశరథం ఆ బుట్టలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి సాబు ముందు జారవిడిచి చూపించాడు. రెండో బుట్టలో పైన జొన్నలు, కింద పొట్టు. మూడో బుట్ట పైకి వస్తుంటేనే తేలికగా ఊగుతూ వచ్చింది, గాలికి పొట్టు లేచి మా కళ్లల్లో పడింది.

అంతలో లోపలి నుంచి కేక. "అన్నా, దిగబడుతున్న! గుంజు!" తాడు ఒక్కసారిగా బిగుసుకుంది. నలుగురూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. పైకి వచ్చాక చూస్తే నడుము దాకా పొట్టే. చెమటకు అంటుకొని ముఖం, జుట్టు, కనుబొమ్మలు కూడా బూడిద పూసినట్టు అయిపోయాయి. దగ్గుతూ నేల మీద కూర్చుండిపోయింది. ఆమె చెల్లెలి వరస భాగ్యమ్మ వచ్చి వీపు నిమిరింది.

"గింజలు ఒక మూరెడు. గంతే," అంది శివమ్మ దగ్గు మధ్యలో. "కింద అంత పొట్టే. కాలు ఆనలేదు సాబ్."

గడ్డ మీద అందరూ ఒకరి మీద ఒకరు అరవడం మొదలుపెట్టారు. ఎవరి బస్తాలు ఎన్నో వాళ్లు చెబుతున్నారు. నేను మాత్రం కిషన్‌రావు సాబు కలాన్నే చూస్తున్నాను. ఆయన తొమ్మిదో ప్రశ్న దగ్గర వేలు పెట్టి బయటికే చదివాడు.

"పాతర గొంతు దాకా నిండి ఉందా? ఉంది కదా, మరి?"

"పొట్టుతోని నిండింది సాబ్!" అన్నాడు మొగులయ్య.

"దేనితో నిండిందని ఇందులో అడగలేదు," అన్నాడు సాబు. అని, "ఉంది" అని రాశాడు. నా కళ్లతో చూశాను. ఆ రెండక్షరాలు రాసేటప్పుడు ఆయన నాలుక కొస బయటికి వచ్చింది, ఒకటో తరగతి పిల్లలకు వచ్చినట్టు.

"థూ! గిదేం తనిఖీ! గీ మాత్రం రాసుటానికి పట్నంకెళ్లి రావాల్నా?" అంది భాగ్యమ్మ. ఆమె ఉమ్మిన ఉమ్ము సాబు బూటుకు జానెడు దూరంలో పడింది. ఆయన బూటు వెనక్కి జరుపుకున్నాడు, ప్రశ్న మాత్రం జరగలేదు.

దశరథం చేతులెత్తి అందరినీ ఆపాడు. "జర ఆగుండ్రి. చెమ్మ తగలకుంట నడుమ పొట్టు పోపిచ్చిన. అడుగున గింజలున్నయ్. నమ్మకుంటె మూడో పాతర సూడుండ్రి. శివమ్మా, నీయి అండ్లకెళ్లి ఇస్త, సరేనా?"

రెండో పాతర ఎందుకు చూడలేదని మీరు అడగవచ్చు. అది నిరుడే ఖరాబైందని రాసి, హర్రాజులో వేలం వేసి, లెక్కలో నుంచి కొట్టేశారు. కాగితం ప్రకారం అక్కడ గొయ్యే లేదు. కాగితంలో లేనిదాన్ని తొక్కి పడిపోయినా సాబు పడ్డానని ఒప్పుకోడు. దాన్ని చుట్టుకొని మూడో దాని దగ్గరికి నడిచాం.

మొగులయ్య మన్ను పగలగొట్టాడు. ఇది పాత మన్ను, రాయిలా బిగిసింది. బండ జరపగానే వెచ్చటి మగ్గిన వాసన గుప్పుమంది. మొగులయ్య ముఖం పక్కకు తిప్పి, అందరినీ వెనక్కి పొమ్మని, కందిలి దించాడు. మూరెడు దిగింది, రెండు మూరలు దిగింది. దీపం ఎర్రబడి, సన్నబడి, టప్పున ఆరిపోయింది.

"ఉన్నయ్!" అని మొగులయ్య పిచ్చివాడిలా గంతేశాడు. "శివమ్మా, గింజలున్నయే! నిండున్నది పాతర! దీపం ఆరింది, సూడు!"

ఆమె పొట్టు అంటిన మొహంతోనే ఏడ్చేసింది. ఏడుస్తూ నవ్వింది. భాగ్యమ్మ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఎవరో బస్తాలు తేవడానికి ఇంటికి పరుగెత్తారు. ఆ ఊళ్లో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు. అది కడిగిన అరుగు ఆరేంత సేపు కూడా నిలవలేదు.

"ఆరిపోయింది," అన్నాడు కిషన్‌రావు సాబు తల ఊపుతూ, ఎవరో చనిపోతే అన్నట్టు. పద్నాలుగో ప్రశ్న రెండో సగం చదివాడు. "దీపం ఆరినచో సరుకు ఖరాబైనట్టు పంచనామా రాసి, సీలు వేసి, మరుసటి దినము హర్రాజు వేయవలెను."

జనానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. శివమ్మకు అందరికంటే ముందు అర్థమైంది.

"ఖరాబా? గింజలు మంచిగున్నయ్ గాబట్టే ఆరింది సాబ్! ఎలిగిన దాంట్ల పొట్టున్నది. ఆరిన దాంట్ల గింజలున్నయ్. నీ కాగితం ఉల్టా ఉన్నది!"

"కాగితం నేను రాయలేదమ్మా. నేను నింపుతాను, అంతే."

మొగులయ్య వచ్చి సాబు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "సాబ్, మీ కాల్మొక్త. గీ ఒక్క దినం మూత తీసి ఉంచుండ్రి. రేపు పొద్దుగాల మల్ల దింపుత. గదే దీపం ఎలుగుతది. అప్పుడు నేనే దిగి పిడికెడు తెచ్చి మీ చేతిల పెడ్త. నోట్లె ఏస్కోని సూడుండ్రి."

"రేపు నేను తుక్కుగూడలో ఉండాలి. ఒక బ్యాంకుకు ఒక దినం."

"అక్కడ గుడ గిట్లనే సూస్తరా?" అని అడిగింది శివమ్మ. అక్కడా అలాగే చూస్తాడు. ఆ ఇలాకాలో ఎన్ని పాతరలున్నాయో అన్నింటిలో దొంగవి వెలుగుతాయి, మంచివి ఆరుతాయి. ఈయన భేష్ అని రాసిన చోటల్లా పొట్టు, ఖరాబ్ అని రాసిన చోటల్లా జొన్నలు. పట్నంలో కూర్చున్న పైవాళ్లు ఆ కాగితాలను ఎర్ర గుడ్డలో కట్టి, బ్యాంకులన్నీ సల్లగా ఉన్నాయని సంతోషపడతారు.

హర్రాజు అంటే ఏమవుతుందో మాత్రం నాకు బాగా తెలుసు. ఖరాబు సరుకు పాట పాడటానికి వచ్చేవాడు ఒక్కడే. పశువుల దాణా ధరకు దశరథం పాడుకుంటాడు. రేపు పొద్దున పాట, సాయంత్రం భూస్వామి మనిషి. శివమ్మ చేతిలో ఒక్క గింజ ఉండదు.

దశరథం నావైపు తిరిగాడు. "ఈశ్వరయ్యా, పంచనామా రాయి. దస్కతు పెట్టు, సాబుకు బండి యాళ్ల అయితుంది."

పంచనామాకు రెండు దస్కతులు కావాలి. ఒకటి సాబుది, ఒకటి గుమాస్తాది. రెండోది లేకుండా సీలు పడదు. పాతర గడ్డ మీద ఉన్న ప్రతి మొహం నా మీదికి తిరిగింది.

"ఈశ్వరన్నా, నువ్వు సదువుకున్నోనివి," అంది శివమ్మ. "మేం చెప్తె ఈ సాబుకు ఎక్కుతలేదు. నువ్వు చెప్పు. నీకు తెల్వదా దీపం సంగతి?"

తెలుసు. పదేళ్లుగా తెలుసు. నా చేతిలో కలం ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, నోరు తెరిచాను.

"నేను దస్కతు చేయను సాబ్. ఇది మంచి సరుకు. దీపం ఆరడం సరుకు ఖరాబైనదానికి గుర్తు కాదు."

జనంలో ఒక గొణుగుడు లేచింది. మొగులయ్య లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "శాబాస్ అన్నా!" అన్నాడు, కళ్లు చెమ్మగిల్లి. ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. దశరథానికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నా సంచిలో నుంచే బ్యాంకు పుస్తకం తీసి, వెనక్కి తిప్పి, నిరుటి పేజీ దగ్గర ఆపాడు.

"మంచిది ఈశ్వరయ్యా. గిది గుడ జర సదివి ఇనిపియ్యి, నీకు పుణ్యముంటది. రెండో పాతర. దీపం ఆరింది, సరుకు ఖరాబు, హర్రాజు. కింద దస్కతు ఎవలది?"

నాది. కొంచెం కూడా వంకర లేకుండా, నిండుగా, గీత కొట్టి మరీ పెట్టిన దస్కతు. నేను చదవలేదు. చదవవలసిన అవసరం కూడా రాలేదు.

మొగులయ్య చెయ్యి నా భుజం మీద నుంచి దిగిపోయింది. "నిరుడు గుడ... గట్లనేనా అన్నా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. లెక్క తెలియని మనిషి లెక్క అడిగినట్టు అడిగాడు. "నాయి ఏడు బస్తాలు. మంచిగనే ఉండెనా?"

అబద్ధం ఆడవచ్చు. పదేళ్లుగా అదే పని. కాని ఆ మనిషి ఎద్దులను సంతకు తోలుకుపోతుంటే నేను మా అరుగు మీద కూర్చొని చూశాను, "ఏం చేస్తం మొగులయ్యా, మన కర్మ" అని కూడా అన్నాను.

"మంచిగనే ఉండె," అన్నాను.

అతను నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను. అతను వంగి పలుగు తీసుకున్నాడు. దశరథం రెండడుగులు వెనక్కి వేశాడు. మొగులయ్య అతని వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తనను ముంచిన ఆ ఉత్త గొయ్యిని ఒకసారి చూసుకుందామనిపించిందేమో, రెండో పాతర దగ్గరికి పోయి నిలబడ్డాడు. కాలితో దాని మూతను తట్టాడు. కూర్చున్నాడు. చేత్తో నిమిరాడు.

"పటేలా," అన్నాడు. "ఉత్త పాతర మీద ముళ్లకంప ఏస్తరు. పశువు పడకుంట. దీనికి మన్నెందుకు మెత్తిన్రు?"

పొద్దుటి నుంచి మూడు మూతలూ ఒకే తీరుగా మెత్తి ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. పదేళ్ల గుమాస్తాను, రెండు కళ్లూ ఉన్నవాణ్ని, నాకు తోచలేదు. కిషన్‌రావు సాబుకు తోచే ప్రశ్నే లేదు.

"అది తెరువకు!" అని దశరథం అరిచాడు. ఆ గొంతు పగలడం ఊరు వినడం అదే మొదలు. "అది బ్యాంకుది కాదు! సాబ్, చెప్పుండ్రి సాబ్, గది లెక్కల లేదు!"

"లెక్కలో లేదు," అన్నాడు సాబు వెంటనే. "నా జాబితాలో రెండో పాతర లేదు."

పలుగు దెబ్బ పడింది. మన్ను పెళ్లలుగా లేచింది. వాన చినుకులు ఒకటీ రెండూ బండ మీద పడి వెంటనే ఇంకిపోయాయి. శివమ్మ లేచి, పొట్టు కూడా దులుపుకోకుండా వచ్చి, కందిలి తీసి కొంగు చాటున వెలిగించింది. ఊరి మగవాళ్లు ఆరుగురు బండకు చేతులు వేశారు. దశరథం వాళ్ల మధ్యకు దూరబోతే భాగ్యమ్మ అడ్డం నిలబడింది.

బండ జరిగింది. శివమ్మ తాడు పట్టుకొని కందిలిని గొంతులోకి వదిలింది. సాబు కూడా కాగితం మరిచిపోయి మెడ చాచాడు.

కందిలి జానెడు కూడా దిగలేదు. ఆరిపోయింది.